గడికి సున్నమేస్తే మ్యూజియం అవుతుందా?

మా పదో తరగతి బ్యాచు వాట్సప్ గ్రూపులో గుడ్‌మార్నింగ్ పూలు, మనవల పుట్టినరోజులు, ప్లాట్ల రేట్లు తప్ప వేరే ముచ్చట తక్కువ. అట్లాంటి గ్రూపులో ఈ మధ్య మ్యూజియం మీద పెద్ద లొల్లి అయింది. హైదరాబాద్‌లో స్థిరపడ్డ మిత్రుడొకడు మా పక్క ఊరి పాత గడి (దొర ఉన్న కోటలాంటి ఇల్లు) ఫోటోలు పెట్టాడు. పైకప్పు సగం పోయింది. గోడల్లోంచి రావి మొక్కలు పుట్టుకొచ్చాయి. దర్వాజ మీది చెక్కడం మాత్రం ఇంకా నిలిచి ఉంది. దీన్ని బాగు చేయించి, తెల్లగా సున్నం వేయించి, మన తెలంగాణ చిత్రకారుల మోడర్న్ ఆర్ట్ పెడితే నల్లగొండకు కూడా ఒక ఆర్ట్ మ్యూజియం వస్తుందని కింద రాశాడు. విదేశాల్లో బొమ్మలు సేకరించిన పెద్దవాళ్ల ఇళ్లన్నీ ఇట్లాగే మ్యూజియాలు అయ్యాయట. లైకులు, దండాలు, "సూపర్ అన్నా"లు వరుసపెట్టి పడ్డాయి.

అట్లాంటి ఇల్లు ఒకటి చూసి వచ్చినవాణ్ణని నన్ను మధ్యలోకి లాగారు. ఫోన్లో బొటనవేలితో తేల్చే సంగతి కాదని అక్కడ ఊరుకున్నాను. నా మాట ముందే చెప్పేస్తా. నల్లగొండలో అట్లాంటి ఇల్లు ఉండాల్సిందే. అది గడి మాత్రం కావద్దు. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే ముందు ఆ చూసొచ్చిన ఇంటి సంగతి చెప్పాలి.

తాడు లాగితే తెరిచే తలుపు

మా అమ్మాయి వాళ్లు ఇంగ్లండులో, కేంబ్రిడ్జిలో ఉంటారు. వెళ్లినప్పుడు కాలేజీలు, నది, పడవలు అన్నీ అయ్యాక "డాడీ, నీకు బొమ్మలంటే పిచ్చి గదా, ఒక ఇల్లు చూపిస్త పా" అని కెటిల్స్ యార్డ్‌కు తీసుకుపోయింది. పాత చర్చి పక్కన, ఇదేనా అనిపించేటంత మామూలు ఇల్లు. టికెట్టు మీద టైము రాసి ఉంటుంది. ఆ టైముకు వెళ్లినా తలుపు మూసే ఉంటుంది. పక్కన వేలాడే తాడు లాగితే లోపల గంట మోగుతుంది, ఎవరో వచ్చి తలుపు తీసి రమ్మంటారు. చెప్పులు ఎక్కడ విడవాలా అని మా ఆవిడ అటూ ఇటూ చూసింది. విడవక్కర్లేదన్నారు.

ఆ ఇంటాయన పేరు జిమ్ ఈడ్. 1895లో పుట్టాడు. 1920లు, 30లలో లండన్ టేట్ గ్యాలరీలో క్యూరేటరు ఉద్యోగం చేశాడు. జమీందారు కాదు, మిల్లుల యజమానీ కాదు. బెన్ నికల్సన్ లాంటి చిత్రకారుల బొమ్మలు ఎవరికీ పట్టని రోజుల్లో వాళ్లతో స్నేహం చేశాడు కాబట్టి కొన్ని చౌకగా, కొన్ని ఊరికే చేతికొచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరవై మూడేళ్లకే చనిపోయిన గోడియే-బ్రెజ్‌స్కా అనే శిల్పి వదిలిపోయిన పనంతా 1920లలో ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉంటే ఈయనే తీసుకున్నాడు. 1956లో, కూలడానికి సిద్ధంగా ఉన్న నాలుగు చిన్న ఇళ్లు కలిపి ఒక్కటిగా చేసుకున్నాడు. 1957 నుంచి 1973 దాకా భార్య హెలెన్‌తో అందులోనే కాపురం. మధ్యాహ్నాలు తలుపు తీసి విద్యార్థుల్ని లోపలికి రానిచ్చేవాడు. బొమ్మలు చూపించి చాయ పోసేవాడు. 1966లో ఇల్లూ బొమ్మలూ యూనివర్సిటీకి ఇచ్చేశాక కూడా కొన్నేళ్లు అక్కడే ఉండి అదే పని చేశాడు.

లోపల ఏ బొమ్మ కిందా పేరు లేదు, సంవత్సరం లేదు. కుర్చీల మీద కూర్చోరాదన్న చీటీ కూడా లేదు. నిజంగానే కూర్చోవచ్చు. మా ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చొని కాళ్లు చాపుకుంది. బ్రాంకూసి అనే పేరున్న శిల్పి చేసిన ఒక తల, వేరేచోటయితే అద్దం పెట్టెలో కాపలా మధ్య ఉండేది, ఇక్కడ పియానో మీద ఉంది. ఓ చిన్న గుండ్రటి బల్ల మీద గులకరాళ్లు చుట్టలు చుట్టలుగా పేర్చి ఉన్నాయి, బయట పెద్దవి, లోపలికి పోయేకొద్దీ చిన్నవి. మట్టపల్లి పోయినప్పుడు పిల్లలు కృష్ణ ఒడ్డున జేబుల నిండా ఏరుకొచ్చే రాళ్లకూ వీటికీ తేడా ఏం లేదు. కాకపోతే మనం ఇంటికి రాగానే పారేయిస్తాం.

ఒకచోట కంచం లాంటి పళ్లెంలో ఒకే ఒక నిమ్మకాయ ఉంది. "దిష్టికి పెట్టిండ్రా?" అని మా ఆవిడ అడిగితే అమ్మాయి నవ్వి, అక్కడున్న వలంటీరమ్మకు ఇంగ్లీషులో చెప్పింది. ఆమె నవ్వకుండా, ఎదురుగా ఉన్న, మిరో అనే చిత్రకారుడు వేసిన బొమ్మ చూపించింది. 1927 నాటి ఆ బొమ్మలో చిన్న పసుపు చుక్క ఉంది. ఆ చుక్కకు ఈ నిమ్మకాయ. వాడిపోకముందే మారుస్తారట. మా ఆవిడ చుక్కనూ నిమ్మకాయనూ మార్చి మార్చి చూసి "అయితే ఆ బొట్టుకు ఇది జోడీ అన్నట్టు" అంది. మిరో మీద నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటిగా చెప్పినవాళ్లు తక్కువ.

బయటికి వచ్చాక మాత్రం ఆమె వేరే మాట అంది. "ఇల్లంత గింత ఖాళీగ పెట్టుకుంటె మన దిక్కు ఏమంటరు? సామాన్లు కొనే స్తోమత లేదనుకుంటరు." నవ్వొచ్చినా ఆ మాట నన్ను వదల్లేదు. సున్నం గోడ, ఒక రాయి, ఒక పండు. మా చిన్నప్పటి ఇంట్లో కూడా అంతే ఉండేది. దాన్ని అభిరుచి అని ఎవరూ అనలేదు. ఖాళీగా ఉండటం ముచ్చటగా కనపడాలంటే, నింపుకునే స్తోమత ఉండీ నింపలేదని చూసేవాళ్లకు తెలియాలి. ఈడ్ ఇంటి మీద నాకున్న మొదటి అనుమానం ఇది.

రెండోది ఇంకా పెద్దది. ఆ ఇంట్లో ఎక్కువ కనిపించేది ఆల్ఫ్రెడ్ వాలిస్ వేసిన పడవల బొమ్మలు. వాలిస్ చిత్రకారుడుగా చదువుకున్నవాడు కాదు. సముద్రం మీద చేపలు పట్టి, తర్వాత పడవల పాత సామాను కొని అమ్ముకుని బతికినవాడు. భార్య పోయాక, డెబ్బై దాపున, ఒంటరితనం పోవడానికి కిరాణా అట్టముక్కల మీద, పడవలకు వేసే రంగులతో బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. అట్ట ఏ ఆకారంలో ఉంటే బొమ్మ ఆ ఆకారం. అంచు వంకరగా చిరిగి ఉంటే సముద్రం కూడా అటే వంగుతుంది. ఈడ్ వాటిని పోస్టులో కట్టలు కట్టలుగా తెప్పించుకుని, నచ్చినవాటికి ఒకటి రెండు షిల్లింగుల చొప్పున డబ్బు పంపేవాడు. వాలిస్ 1942లో, దిక్కులేని వాళ్లను పెట్టే పేదల సత్రంలో చనిపోయాడు. పోయాక చిత్రకారులు సమాధి కట్టించారు. దాని మీది పలకలు బెర్నార్డ్ లీచ్ అనే పేరున్న కుండల కళాకారుడు చేశాడు.

సమాధికి పెట్టిన శ్రద్ధ బతికున్నప్పుడు ఎందుకు పెట్టలేదన్న ప్రశ్న ఆ తెల్లటి గదుల్లో నన్ను వెంటాడింది. అప్పట్లో ఆ అట్టలకు ఎవరూ అంత కూడా ఇవ్వలేదు, నిజమే. ఈడ్ కొనకపోతే అవి పొయ్యిలోకి పోయేవి, అదీ నిజమే. అయినా సేకరించేవాడి ఇల్లు ఎంత అందంగా ఉన్నా, చేసినవాడి ఇల్లు ఎట్లా ఉందో అడక్కుండా ఉండలేను. మన దిక్కు వస్తే ఈ ప్రశ్న ఇంకా గట్టిగా వేయాలి.

గడి సంగతి

గడి అంటే ఏమిటో మా తరానికి ఎవరూ చెప్పనవసరం లేదు. వెట్టి ఎక్కడ చేశారు, ధాన్యం ఎక్కడ కొలిచారు, ఎవర్ని ఏ స్తంభానికి కట్టేశారు అన్నది ఊళ్లో పెద్దవాళ్లు చెప్పగా విన్నవాళ్లం. దొరల మీద జనం తిరగబడ్డ తెలంగాణ పోరాటంలో, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ దెబ్బకు పడిపోయింది దొర మనుషుల చేతిలో. అప్పుడా ఊరు నల్లగొండ జిల్లాలోనే ఉండేది, దొరతో భూమి కోసం కొట్లాడిన ఐలమ్మ ఊరు పాలకుర్తి కూడా. ఆ పోరాటం తర్వాత దొరలు పట్నం పోయారు, గడీలు పాడుబడ్డాయి. మా జిల్లాలో గడి కూలిపోవడం ఒక చరిత్ర. దాన్ని వర్షం చేసిన నష్టం కింద రాసుకుంటే పొరపాటు.

ఫోటోల్లో ఉన్న ఆ గడి చూద్దామని మిత్రులం కొందరం కారు కట్టుకుని పోయాం. పశువులు తోలుకుపోతున్న ముసలాయన ఒకాయన మమ్మల్ని చూసి ఆగాడు. ఎవరు, ఏంది, కొంటరా అని ఆరా తీశాడు. కొనడానికి కాదు, చూడటానికి అన్నాం. "అయితె నేనూ వస్త" అని కర్ర పక్కన పెట్టి మా ముందర నడిచాడు. దర్వాజ దగ్గర ఆగి తన కాళ్ల దిక్కు చూసుకున్నాడు. రబ్బరు చెప్పులు. "మా నాయిన ఆ సింత సెట్టు కాడనే ఇడిసేటోడు. నేను ఏసుకొనే పోత." ముళ్లల్లోంచి నడుచుకుంటూ సరిగ్గా లోపలి వాకిలి నడుమ నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టి "ఇగ తియ్యి ఫోటో" అన్నాడు. మా వాళ్లు దర్వాజ చెక్కడం తీస్తున్నారు. ఆయన్ను ఫోకస్‌లోకి తెచ్చేసరికి కొంచెం సేపు పట్టింది.

ఇప్పుడు ఆ వాకిట్లో గచ్చు నున్నగా చేసి, గోడలకు సున్నం కొట్టి, లైట్లు పెట్టి, ఎవరో హైదరాబాద్ చిత్రకారుడి పెద్ద నీలం కాన్వాసు వేలాడదీస్తే ఆయన వచ్చి ఏం చూడాలి? కాన్వాసు తప్పు ఏమీ లేదు. అది అక్కడ ఉంటే దాని వెనకాల గోడ కనపడకుండా పోతుంది, అదే నా అభ్యంతరం. గడిని నిలబెట్టాలంటే గడి కథ చెప్పే చోటుగానే నిలబెట్టండి. ధాన్యం గాదె, లెక్కల పుస్తకాలు, ఆ పోరాటం చేసిన సంఘం వాళ్ల పాటలు పెట్టండి. వెట్టి చేసినవాళ్ల పేర్లు వాళ్ల మనవలతో రాయించాలి. దానికి మోడర్న్ ఆర్ట్ అలంకారం అక్కర్లేదు.

మిత్రుడు దీనికి బలమైన జవాబే ఇచ్చాడు. "నువ్వు అనేటిది ఎవరు చేస్తరు? వెట్టి మ్యూజియానికి పైసలెవరిస్తరు? ఆర్ట్ అంటే కంపెనీలోళ్లు ఇస్తరు. లేకపోతె రెండేండ్లల కూలుతది, ఇటుకలు ఎత్కపోతరు." నిజమే. దర్వాజ ఇప్పటికే సగం బేరంలో ఉందని విన్నాను. డబ్బు ఎవరు ఇస్తే వాళ్లకు నచ్చిన కథ గోడ మీదికెక్కుతుందన్నది మాత్రం ఆయన జవాబులోనే ఉంది.

పెద్ద భవనాలకు మ్యూజియం ఒక్కటే మోక్షం అన్నట్టు మాట్లాడతారు గానీ, పాలమూరు దిక్కు చూడండి. వనపర్తి రాజావారి భవనంలో దశాబ్దాలుగా పాలిటెక్నిక్ నడుస్తోంది. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ. చరిత్ర ప్రేమికులు దీన్ని పెద్ద అన్యాయం అంటారు. నాకేమో, ఒకప్పుడు వంగి దండం పెట్టిన చోట వాళ్ల మనవరాళ్లు టిఫిన్ డబ్బాలు విప్పుకుని తింటుంటే, అంతకంటే మంచి వాడకం తోచదు. సంస్థానాలను, దొరల గడీలను ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. గద్వాలను విద్వద్గద్వాల అన్నది ఊరికే కాదు. కవులను, పండితులను పిలిచి సత్కరించిన చోటు అది. అయితే అక్కడ కూడా పిలుపు వచ్చినవాళ్లకే ప్రవేశం.

డ్రాయింగు సారు ముందర్ర

మరి ఎవరి ఇల్లు? ఇది అడిగినప్పుడల్లా నాకు మా డ్రాయింగు సారు ఇల్లే గుర్తుకొస్తుంది. గడియారం సెంటరుకు దగ్గరి గల్లీలో పెంకుటిల్లు. ముందర్ర గోడలు కనపడేవి కావు. ఆయన వేసుకున్న లతీఫ్ సాబ్ గుట్ట, పానగల్లు చెరువు నీటిరంగుల బొమ్మలు, గుడ్డ మీద కథలు బొమ్మలుగా వేసే చేర్యాల నకాషీ పటం ముక్క ఒకటి, హైదరాబాద్ మిత్రులు ఇచ్చిన ప్రింట్లు, ఎవరో పిల్లవాడు పెన్సిలుతో వేసిన ఎద్దు. అన్నీ ఒకదాని పక్కన ఒకటి. జీతంలో ఎంత పటాలు కట్టే షాపుకు పోయేదో వాళ్ల అమ్మగారికే తెలుసు. ఆదివారం తలుపు తెరిచి ఉండేది, ఎవరైనా పోవచ్చు. ఏది నచ్చింది, ఎందుకు నచ్చింది అని అడిగేవారు. జవాబు తప్పని ఎప్పుడూ అనలేదు.

ఆ ప్రింట్లలో ఒకటి ఉత్త నల్ల గీతలు, మధ్యలో మరక. ఏంటిదని ఎవరు అడిగినా సారు చెప్పేవారు కాదు. ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు "చెరువు ఎండి నెర్రెలు వడ్డది సార్, నడుమ జరన్ని నీళ్లున్నయి" అన్నాడు. సారు పటం కిందికి దించి, వెనక్కి తిప్పి చూశారు. అక్కడ పేరేమీ రాసి లేదు. జేబులోంచి పెన్సిలు తీసి "ఎండిన చెరువు" అని, కింద ఆ పిల్లవాడి పేరు, తరగతి, సెక్షను రాసి మళ్లీ మేకుకు తగిలించారు. నాకు తెలిసిన మోడర్న్ ఆర్ట్ పాఠాల్లో అది మొదటిది.

సారు పోయాక కొడుకులు ఇల్లు డెవలప్‌మెంటుకు ఇచ్చారు. పటాల అద్దాలు, చెక్క ఒకరు కొన్నారు. కాగితాలు కిలోల లెక్కన పోయాయి. కొడుకుల్ని తిట్టడానికి నాకు నోరు రాదు. ముగ్గురికి పంచాల్సిన జాగా అది. ఈ బొమ్మలు తీసుకోండి అని అడగడానికి ఊళ్లో ఒక్క చోటన్నా ఉందా? ఈడ్‌కు యూనివర్సిటీ ఉంది. కేంబ్రిడ్జి ఇంటి అసలు ఆస్తి దానికి దొరికిన ఆ నీడే.

మన హైదరాబాద్‌లోనూ ముందుచూపు ఉన్నవాళ్లు లేకపోలేదు. దోమలగూడలో జగదీశ్ మిత్తల్, కమల దంపతులు తాము చిత్రకారులై ఉండి, బతుకంతా సేకరించిన పాత భారతీయ చిత్రాలు, దక్కన్ కళారూపాలు 1976లోనే ట్రస్టు పెట్టి దానికి అప్పగించారు. మన నకాషీ పటాలకు లోకంలో పేరు రావడంలో ఆ ఇంటికి పెద్ద వాటా ఉంది. ఇక నారాయణగూడలో పి.టి. రెడ్డి తన ఇంటినే సుధర్మ అని గ్యాలరీ చేసుకున్నాడు. ఆయన సేకర్త కాదు, స్వయంగా మోడర్న్ చిత్రకారుడు. వీళ్లందరూ చేసింది బతికుండగానే ఇల్లు తెరవడం, లేదా బతికుండగానే కాగితం మీద పెట్టడం. రాజ్యం పోయాక మిగిలిన గోడలకు బొమ్మలు తగిలించడం దీనికి పూర్తిగా వేరే పని.

నల్లగొండకు ఇది ఎందుకంటారా? పాత నల్లగొండ జిల్లా కదిరేనిగూడెం నుంచి ఏలే లక్ష్మణ్ వచ్చాడు. రాష్ట్ర రాజముద్ర గీసిన చేయి అది. తన ఊరి మనుషుల్ని పెద్ద పెద్ద కాన్వాసుల మీద నిలబెట్టాడు. ఆ మనుషులు పుట్టిన చోటి పిల్లలు ఆ బొమ్మలు చూసేది ఫోన్లో, చూపుడువేలంత సైజులో. పానగల్లు మ్యూజియంలో వెయ్యేళ్ల కింది శిల్పాలు కళ్ల ముందు ఉన్నాయి, చాలా మంచిది. నిన్న మొన్న గీసిన బొమ్మను ఎదురుగా నిలబడి, రంగు ఎంత మందంగా వేశాడో పక్కనుంచి వంగి చూసే అవకాశం మాత్రం లేదు.

గడప దగ్గర ఆగిన కాళ్లు

ఇంతవరకు రాసి బ్లాగులో పెట్టేద్దామనుకున్నాను. ఈలోగా నా పాత విద్యార్థి ఒకతను ఇంటికొచ్చాడు. ఇప్పుడు తనూ టీచరే. డ్రాయింగు సారు ఇంటి ముచ్చట చెప్పి, నువ్వూ పోయేవాడివి గదా అన్నాను. "పోయేది సార్. అరుగు మీద కూసొని కిటికీలకెల్లి చూసేది. లోపలికి ఎప్పుడు రాలె" అన్నాడు. సారు అట్లాంటివాడు కాదే అన్నాను. "సారు ఏమనలె. ఎవరూ ఆపలె. మా వాడకట్టోళ్లం ఎవరింట్లకైనా అంత ధైర్యంగ పోతమా సార్ అప్పుడు? స్కూలోళ్లు సాలార్‌జంగ్‌కు తీస్కపోయిండ్రు సూడు, అండ్ల అందరికంటె ముందు నేనే ఉరికిన. టికెట్టు చూపిస్తె అయిపాయె గదా."

నా వాదన మొత్తం ఇంటి తలుపు మీద నిలబెట్టుకున్నాను. ఆ తలుపు తెరిచి ఉండటం వేరు, తన కోసం తెరిచి ఉందని ఒకడికి అనిపించడం వేరు. మన ఊళ్లల్లో ఇల్లంటే మెట్లు మెట్లుగా ఉంటుంది. కొందరు చెట్టు కింద ఆగాలి, కొందరు అరుగు దాకా, కొందరు ముందర్ర దాకా. వంటింట్లోకి ఎవరు పోతారో అందరికీ తెలుసు. మ్యూజియం అనే సర్కారు బిల్డింగు ఈ మెట్లన్నీ ఒక్క టికెట్టుతో కొట్టేస్తుంది. సాలార్‌జంగ్ సేకరణ 1951లో తెరిచినప్పుడు వాళ్ల సొంత దివాన్ దేవిడిలోనే ఉండేది. 1968లో ఇప్పటి భవనానికి మారింది. ఇంటి అందం పోయిందని నేను చాన్నాళ్లు అనుకునేవాణ్ణి. ఎవరి ఇల్లూ కాని చోటు కాబట్టే జనం అట్లా ధారగా వస్తారేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. ఈడ్ ఇంటికి వచ్చినవాళ్లు కూడా ఎవరు? ఆ కాలపు కేంబ్రిడ్జి విద్యార్థులు, ఎక్కువమంది ఉన్నోళ్ల పిల్లలు. తాడు లాగే ధైర్యం వాళ్లకు పుట్టుకతో వచ్చి ఉంటుంది.

అట్లాగని ఇల్లు వద్దనే దాకా పోలేను. సర్కారు బిల్డింగులో కూర్చోనివ్వరు, రెండోసారి వస్తే ఎందుకొచ్చావంటారు, బొమ్మకు పేరు పెట్టమని ఎవరూ అడగరు. కాబట్టి రెండూ కలపాలి. చిన్న ఇల్లు, రెండు గదులు చాలు. బయట పెద్ద అక్షరాల బోర్డు, తెరిచే టైము మూసే టైము రాసి. ఐదు రూపాయల టికెట్టు, ఉచితం వద్దు. టికెట్టు కొన్నవాడు ఎవరి దయ మీదా లోపలికి రాడు. అన్నిటికంటే ముఖ్యం, తలుపు దగ్గర కూర్చున్న మనిషి "ఏ ఊరు బిడ్డా, ఎవరి పిల్లగానివి?" అని అడక్కూడదు. మనం ప్రేమగానే అడుగుతాం. ఆ ప్రశ్న చివర ఏ ఆరా ఉందో అడిగించుకునేవాడికి తెలుసు.

బొమ్మలు ఎక్కడివంటే, గడికి చందా వేస్తామన్న మిత్రులు ఆ డబ్బుతో కొనొచ్చు. మా జిల్లా నుంచి హైదరాబాద్ పోయి ఫైన్ ఆర్ట్స్ చదివి వచ్చిన పిల్లలు ఫ్లెక్సీలు డిజైన్ చేసుకుంటూ, పెళ్లి స్టేజీలకు బ్యాక్‌డ్రాపులు వేసుకుంటూ బతుకుతున్నారు. వాళ్ల దగ్గర కొనండి. బేరం ఆడకుండా, చేతికి డబ్బు ఇచ్చి కొనండి. వాలిస్ అట్టముక్కల కథ ఇక్కడ మళ్లీ జరగనవసరం లేదు. పెద్ద పేర్ల బొమ్మల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ రెండు గదులు కూడా ఖాళీగానే ఉంటాయి, అది మా ఆవిడ చెప్పిన రకం ఖాళీ.

కేంబ్రిడ్జిలో నాకు అన్నిటికంటే నచ్చింది నేను కళ్లారా చూడనిది. ఈడ్ తన బొమ్మల్లో కొన్ని విద్యార్థులకు అరువిచ్చేవాడు, గదిలో పెట్టుకొమ్మని. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. అసలు బొమ్మలు, ఏడాదిపాటు పిల్లల గదుల్లో ఉండి తిరిగొస్తాయి. గడప దాటలేని పిల్లవాడి సమస్యకు ఇదొక జవాబు. వాడు రాకపోతే బొమ్మే వాడి దగ్గరికి పోతుంది. మన హాస్టళ్లలో గోడలకు కొదవ లేదు.

ఈ ముచ్చట తెలిసిన హాస్టల్ వార్డెన్ ఒకాయనతో అన్నాను. ఆయన ముందు నవ్వాడు. "బెడ్‌షీట్లే లెక్కకు దొరకవు సార్. బొమ్మ చినిగితె నా జీతంలకెల్లి కోస్తరు." పోతే పోయినట్టే, ఎవరినీ అడగం అని ఇచ్చేటప్పుడే కాగితం మీద రాసిస్తాం అన్నాను. కాసేపు ఆలోచించి, అట్లా రాసిస్తే రెండు పెట్టుకుంటానన్నాడు. ఒకటి అన్నం తినే హాల్లో, ఒకటి పిల్లలు పడుకునే గదిలో. గోడకు మేకు కొట్టాలంటే పై ఆఫీసుకు లెటర్ పెట్టాలట. లెటర్‌లో ఏం రాయాలో నన్నే రాసివ్వమన్నాడు.